పార్లేనా, ప్రోగ్రెసివ్ పార్లేనా? కాగితం మీద తేల్చుకునే లెక్క

విజయవాడ వన్‌టౌన్‌లో, వస్త్రలత మార్కెట్లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టుకు ఇరవై రెండేళ్లుగా పద్దులు రాస్తున్నాను. పందేలతో నా పరిచయం అంతా సంక్రాంతికి అత్తారింటికి వెళ్లినప్పుడు బరి గట్టున నిలబడి చూడటం వరకే. అలాంటి నాకు న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఒక ఆదివారం సాయంత్రం ఫోన్ చేశాడు. వాడికప్పుడు పొద్దున. ఇంకాసేపట్లో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు మొదలవుతాయి.

"మావయ్యా, ఐదు మ్యాచ్‌లు కలిపి పార్లే వేద్దామనుకుంటున్నా. మామూలుది వేయనా, ప్రోగ్రెసివ్ వేయనా? ప్రోగ్రెసివ్‌లో ఒకటి పోయినా డబ్బులొస్తాయంట."

"ఒకటి పోయినా ఇచ్చే ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందిరా?" అన్నాను.

వాడి దగ్గర సమాధానం లేదు. నిజం చెప్పాలంటే అప్పటికి నా దగ్గరా లేదు. పాత బిల్లు బుక్కు తిరగేసి వెనక లెక్క వేయడం మొదలుపెడితే రాత్రి పన్నెండయింది. ఆ లెక్కనే ఇక్కడ వరసగా రాస్తున్నాను. కూడికలు, గుణకారాలు వస్తే చాలు. ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంటే ఇంకా సుఖం.

ముందుగా మన ఊరి సంగతి

ఇది ఇక్కడ కూర్చుని పందెం కాయడానికి దారి చూపించే వ్యాసం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో బెట్టింగ్ నేరం. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా అందులోకి తెచ్చారు. ఆపైన డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చేసిన చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. అది నైపుణ్యంతో ఆడే ఆటా, అదృష్టం మీద నడిచే ఆటా అన్న తేడా ఇక అక్కర్లేదు. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ప్రకటనలు ఇచ్చేవాళ్లకూ శిక్ష ఉంది. కాబట్టి టెలిగ్రాంలో ఎవడో "ఈ రాత్రి ఐదుకి ఐదూ గ్యారంటీ" అని పంపిన లింకుకు ఈ లెక్కలేవీ వర్తించవు. అక్కడ గెలిచినా డబ్బు చేతికొస్తుందన్న నమ్మకమే లేదు.

అమెరికాలో దారి వేరు. క్రీడల పందేలను రాష్ట్రాలు అనుమతించకుండా అడ్డుకున్న కేంద్ర చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 2018 మే 14న కొట్టేసింది. ఆ కేసు గెలిచింది న్యూజెర్సీయే. ఇప్పుడు అక్కడ 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సున్న చోట పందెం కాయొచ్చు. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు కాబట్టి ఇలాంటి ఫోన్ మీకూ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. వచ్చినప్పుడు "వద్దురా" అని ఊరుకుంటే పిల్లలు వినరు. లెక్క చూపిస్తే కాస్త వింటారు.

మొదటి అడుగు: రెండూ ఏమిటో ఒక్కో వాక్యంలో రాసుకోండి

మామూలు పార్లే అంటే నాలుగైదు పందేలను ఒకే చీటీలో గుదిగుచ్చడం. ఒక్కో పందాన్ని లెగ్ అంటారు. అన్ని లెగ్‌లూ నెగ్గితే పెద్ద మొత్తం వస్తుంది, ఒక్కటి పోయినా చీటీ చిత్తుకాగితమే. బ్రిటన్‌లో దీన్నే అక్యుములేటర్ అంటారు.

ప్రోగ్రెసివ్ పార్లేలోనూ గుదిగుచ్చడం అంతే. కాకపోతే ఒక లెగ్ పోయినా కొంత చెల్లిస్తారు. సాధారణంగా నాలుగు లెగ్‌ల నుంచి మొదలవుతుంది. లెగ్‌లు బాగా ఎక్కువైతే రెండు పోయినా, కొన్నిచోట్ల మూడు పోయినా ఎంతోకొంత ఇస్తారు. దానికి బదులుగా అన్నీ నెగ్గినప్పుడు వచ్చే మొత్తం మామూలు పార్లే కన్నా తక్కువ.

ఆ చివరి వాక్యం కింద ఒక గీత గీసుకోండి. మా మేనల్లుడు చదవకుండా వదిలేసింది దాన్నే.

రెండో అడుగు: ధరను మన భాషలోకి మార్చుకోవడం

అమెరికా వాళ్లు పందెం ధరను మైనస్ 110, ప్లస్ 150 అని రాస్తారు. మైనస్ 110 అంటే 100 గెలవాలంటే 110 పెట్టాలి. ప్లస్ 150 అంటే 100 పెడితే 150 గెలుస్తాం. ఇలా ఉంటే గుణించలేం. అందుకే ఒక్క డాలరుకు అసలుతో కలిపి చేతికి ఎంత వస్తుందో అందులోకి మార్చాలి.

మైనస్ ఉంటే 100ను ఆ అంకెతో భాగించి ఒకటి కలపండి. మైనస్ 110కి 100 ÷ 110 = 0.909, ఒకటి కలిపితే 1.909. ప్లస్ ఉంటే ఆ అంకెను 100తో భాగించి ఒకటి కలపండి. ప్లస్ 150కి 2.50 వస్తుంది.

ఇద్దరిలో బలమైన జట్టుకు కొన్ని పాయింట్ల భారం వేసి పోటీని సమం చేసే పందేలను స్ప్రెడ్ అంటారు. వాటిలో రెండు వైపులా ధర ఎక్కువగా మైనస్ 110 ఉంటుంది. అవకాశం చెరిసగం అనుకుంటే న్యాయంగా 2.00 రావాలి. వచ్చేది 1.909. ఆ తొమ్మిది సెంట్లే పందెం కట్టించుకునే దుకాణం బతుకుతెరువు. సగంసార్లు 1.909 వస్తుంది కాబట్టి డాలరుకు సగటున తిరిగొచ్చేది 0.9545. అంటే ఒక్కో పందానికి నాలుగున్నర శాతం కమీషన్ అన్నమాట. మిర్చి యార్డులో అయితే కమీషన్ ఎంతో చీటీ మీద రాసి చూపిస్తారు. ఇక్కడది ధరలో కలిసిపోయి ఉంటుంది, మనమే తవ్వి తీసుకోవాలి.

మూడో అడుగు: మామూలు పార్లే ఇచ్చేదెంత

లెగ్‌ల ధరలను ఒకదానితో ఒకటి గుణిస్తే చాలు. మైనస్ 110 ధరతో రెండు లెగ్‌లకు 3.64, మూడింటికి 6.96, నాలుగింటికి 13.28, ఐదింటికి 25.36, ఆరింటికి 48.41.

కమీషన్ కూడా ఇలాగే గుణించుకుంటూ పోతుంది. ఒక పందానికి తిరిగొచ్చేది 95.45 శాతం కదా. రెండు లెగ్‌లకు 91.1 శాతం, మూడుకు 87, నాలుగుకు 83, ఐదుకు 79.2. ఐదు లెగ్‌ల చీటీ కొన్నవాడు సగటున డాలరులో దాదాపు 21 సెంట్లు కౌంటరు మీదే వదిలి వస్తున్నాడు. దుకాణాలకు పార్లేలంటే అంత ప్రేమ ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ముద్రించి అమ్మే పార్లే కార్డుల మీద దుకాణాలకు మిగిలేది చాలాకాలంగా దాదాపు 30 శాతం. మొత్తం క్రీడల పందేల మీద మిగిలేది 5 శాతం చుట్టుపక్కలే. కార్డు ముందు కూర్చుని ఒక చిన్న పెన్సిలుతో గళ్లు నింపినందుకు అంత తేడా.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. కొన్నిచోట్ల గుణించరు, ముందే వేసిన పట్టిక ప్రకారం ఇస్తారు. నాలుగు లెగ్‌లకు "10 టు 1" అని ఉంటే చేతికి వచ్చేది అసలుతో కలిపి 11, గుణిస్తే రావాల్సింది 13.28. రెండోది, గుణకారం చెల్లేది లెగ్‌లు ఒకదానికొకటి సంబంధం లేనివైతేనే. ఒకే మ్యాచ్‌లో "ఫలానా జట్టు గెలుస్తుంది", "ఆ జట్టు ఆటగాడే ఎక్కువ పాయింట్లు చేస్తాడు" అని రెండు కలిపితే అవి కవలపిల్లలు. దుకాణం వాటికి వేరే ధర కడుతుంది, మన గుణకారం పనికిరాదు.

నాలుగో అడుగు: "టు", "ఫర్" తేడా

చిన్న విషయమే గానీ మంచి లెక్కగాళ్లు కూడా పప్పులో కాలేసేది ఇక్కడే. "11 టు 1" అంటే లాభం 11, అసలు 1, మొత్తం 12 చేతికొస్తుంది. "11 ఫర్ 1" అంటే అసలుతో కలిపి మొత్తం 11 మాత్రమే. కార్డుల మీద "ఫర్" ఎక్కువగా కనిపిస్తుంది, అంకె పెద్దగా అవుపిస్తుంది కాబట్టి. పోల్చే రెండు పట్టికలనూ ముందు "అసలుతో కలిపి చేతికొచ్చే మొత్తం"లోకి మార్చుకుని, తర్వాతే లెక్క మొదలుపెట్టండి.

ఐదో అడుగు: 32 గడులు గీయడం

ఇది నాకు బాగా నచ్చిన భాగం, కాబట్టి కాస్త సాగదీస్తాను.

ఐదు లెగ్‌లు, ఒక్కోటి నెగ్గొచ్చు, పోవచ్చు. మొత్తం ఎన్ని రకాలుగా ముగియొచ్చు? 2ను ఐదుసార్లు గుణిస్తే 32. ఈ 32 నాకు ఎక్కడో తగిలిందే అనుకుంటూ ఉంటే, హైస్కూల్లో తెలుగు మాస్టారు బోర్డు మీద వేసిన ప్రస్తారం గుర్తొచ్చింది. ఐదక్షరాల పాదంలో గురు లఘువులు ఎన్ని రకాలుగా అమరుతాయో వేసిన పట్టిక అది. ఆ ఛందస్సు పేరు సుప్రతిష్ఠ, దాని భేదాలు 32. నెగ్గిన లెగ్‌ను గురువు అనుకోండి, పోయినదాన్ని లఘువు అనుకోండి, పార్లే లెక్క అయిపోయినట్టే. ఎన్ని గురువులున్న పాదాలు ఎన్ని అన్నదానికి మనవాళ్లు మేరుప్రస్తారం అని త్రికోణం కట్టారు. పదో శతాబ్దంలో హలాయుధుడు పింగళుడి ఛందస్సు సూత్రాలకు వ్యాఖ్యానం రాస్తూ దాన్ని వివరించాడు. అందులో ఐదక్షరాలకు వచ్చే వరస: 1, 5, 10, 10, 5, 1.

అంటే 32 గడుల్లో ఐదూ నెగ్గేది 1. సరిగ్గా నాలుగు నెగ్గేవి 5. మూడు నెగ్గేవి 10, రెండు నెగ్గేవి 10, ఒకటి నెగ్గేవి 5, అన్నీ పోయేది 1.

దీన్ని ఒకసారి నిజంగా గీయండి. గళ్ల కాగితం మీద 32 గడులు గీసి, మామూలు పార్లే చెల్లించే గడిని పసుపు రంగుతో నింపండి. ఒకే ఒక్క గడి నిండుతుంది. ప్రోగ్రెసివ్ చెల్లించే గడులను నింపితే ఆరు నిండుతాయి. మా వాడు ఈ ఆరు చూసే మురిసిపోయాడు. నేనూ ఒక క్షణం మురిసిపోయాను.

ఆరో అడుగు: ఒక్క కూడికతో పోలిక

ప్రోగ్రెసివ్ చెల్లింపులు ఒక్కో దుకాణంలో ఒక్కోలా ఉంటాయి. లెక్క చూపించడానికి నేనొక ఊహా పట్టిక వేసుకుంటున్నాను: ఐదు లెగ్‌ల ప్రోగ్రెసివ్‌లో ఐదూ నెగ్గితే డాలరుకు 12 చేతికొస్తుంది, నాలుగు నెగ్గితే 2.50 వస్తుంది. మొదటిదాన్ని పైమొత్తం అందాం, రెండోదాన్ని ఊరట మొత్తం అందాం. మీ చేతిలో ఉన్న పట్టికలోని అంకెలను ఈ స్థానంలో పెట్టుకోండి.

పైమొత్తం ఒక గడిలో వస్తుంది, ఊరట ఐదు గడుల్లో వస్తుంది. కాబట్టి 12 + (5 × 2.50) = 24.50. మామూలు పార్లే ఒక్క గడిలో 25.36 ఇస్తుంది. 24.50 కన్నా 25.36 పెద్దది, మామూలుదే మేలు. పోలిక అంటే ఇంతే. పైమొత్తానికి, లెగ్‌ల సంఖ్యతో గుణించిన ఊరటను కలపండి. వచ్చింది మామూలు పార్లే మొత్తాన్ని దాటితే ప్రోగ్రెసివ్, దాటకపోతే మామూలుది. ఊరట 2.50 ఉన్నప్పుడు పైమొత్తం కనీసం 12.86 ఉండాలి. ఊరట 2 మాత్రమే ఉంటే పైమొత్తం 15.36 ఉండాలి. 12, 2 ఉన్న పట్టికకు కూడిక 22 వస్తుంది, దానివంక చూడక్కర్లేదు.

రెండు లెగ్‌లు పోయినా చెల్లించే పెద్ద ప్రోగ్రెసివ్ అయితే ఇంకో పదం చేరుతుంది. ఏడు లెగ్‌లలో ఒకటి పోయే దారులు 7, రెండు పోయే దారులు 21. పైమొత్తం + 7 × మొదటి ఊరట + 21 × రెండో ఊరట. మేరుప్రస్తారంలో ఆ వరస చూస్తే ఈ అంకెలు దొరుకుతాయి. పద్ధతి మారదు.

ఇప్పుడు వాడిని నేనడిగిన ప్రశ్నకు సమాధానం కాగితం మీదే ఉంది. 25.36లోంచి 13.36 కోసేసి, అందులోంచి 12.50ని ఐదు ముక్కలు చేసి ఊరట అని పంచారు. మిగిలిన 86 సెంట్లు దుకాణం అదనంగా మింగింది. మాకు ఇది కొత్తేం కాదు. ఆషాఢం సేల్‌లో 1,200 చీరకు 2,000 స్టిక్కరు వేసి నలభై శాతం తగ్గించడం బీసెంట్ రోడ్డులో నడిచే పిల్లలక్కూడా తెలుసు. తేడా ఏమిటంటే చీర అయినా ఇంటికొస్తుంది.

ఏడో అడుగు: 32 చీటీల పద్దు

సగటు, శాతం అంటే కొందరికి గాల్లో మాటల్లా ఉంటాయి. అందుకే పద్దు పుస్తకంలా రాసి చూపించాను. పది డాలర్ల చీటీలు 32 కొన్నావనుకో. పెట్టుబడి 320. ఫలితాలు సరిగ్గా 32 గడుల్లో ఒక్కోసారి పడ్డాయనుకో.

మామూలు పార్లే: ఒక్క చీటీ పండింది, జమ 253.60. నష్టం 66.40.
ప్రోగ్రెసివ్: ఒక చీటీకి 120, ఐదు చీటీలకు 25 చొప్పున 125, జమ 245. నష్టం 75.
గుదిగుచ్చకుండా అదే 320 విడివిడి పందేలుగా పెడితే: జమ 305.45. నష్టం 14.55.

మూడో పద్దు అడక్కుండానే రాశాను. వాడు దాన్ని చూసి కాసేపు మాట్లాడలేదు.

అయితే ప్రోగ్రెసివ్ వైపు కూడా ఒక మాట చెప్పాలి. ఫలితాలు ఎప్పుడూ గడికొకటి చొప్పున బుద్ధిగా పడవు. మామూలు ఐదు లెగ్‌ల పార్లే 32 చీటీలు కొన్నా ఒక్కటీ పండకుండా పోయే అవకాశం 36 శాతం ఉంది. పది చీటీలే కొంటే ఉత్తచేతులతో మిగిలే అవకాశం 73 శాతం. ప్రోగ్రెసివ్‌లో పది చీటీలకు ఏమీ రాకపోయే అవకాశం పన్నెండున్నర శాతమే. డబ్బు తగ్గుతూనే ఉంటుంది గానీ మధ్యమధ్యలో పాతికలు కనపడుతుంటాయి. ఎగుడుదిగుళ్లు తక్కువ కావాలనుకునేవాడు దానికి కొంత వెల కడతాడు, అది అర్థం చేసుకోదగిందే. నాకు అనుమానం కలిగించేది మాత్రం ఆ పాతికే. పది పెట్టి పాతిక తెచ్చుకున్నవాడు ఆ చీటీని గెలుపు కింద రాసుకుంటాడు, దాని వెనక చిత్తయిన ఐదు చీటీలను పద్దులో రాయడు. మా కొట్టులో అలా రాస్తే సాయంత్రానికి గల్లాపెట్టె తేలదు.

ఎనిమిదో అడుగు: నీ చేయి ఎంత మంచిది?

ఇప్పటిదాకా ప్రతి లెగ్‌కూ సగంసగం అవకాశం అనుకున్నాం. మా వాడు ఒప్పుకోలేదు. "నేను స్టాట్స్ అన్నీ చూసి వేస్తా మావయ్యా, నూటికి 55 కొడతా" అన్నాడు. సరే, అలాగే లెక్క వేద్దాం అన్నాను.

కూడికలో చిన్న మార్పు. ఊరట భాగాన్ని ఓడే అవకాశం ÷ నెగ్గే అవకాశంతో గుణించాలి. 55 శాతం నెగ్గేవాడికి 45 ÷ 55 = 0.82. అప్పుడు 12 + (12.50 × 0.82) = 22.25. మామూలు పార్లే 25.36 అలాగే ఉంది. అంటే తేడా ఇంకా పెరిగింది. ఈ అంకెలను నెగ్గే అవకాశం 0.55తో ఐదుసార్లు గుణించి డాలరుకు లెక్కేస్తే మామూలు పార్లే 1.28 తిరిగిస్తుంది, ప్రోగ్రెసివ్ 1.12 ఇస్తుంది.

ఇప్పుడు నూటికి 45 మాత్రమే కొట్టేవాడిని చూడండి. 55 ÷ 45 = 1.22. 12 + (12.50 × 1.22) = 27.25. ఇది 25.36ను దాటింది. ప్రోగ్రెసివ్ గెలిచింది! కానీ ఆ మనిషికి మామూలు పార్లే డాలరుకు 47 సెంట్లు తిరిగిస్తుంటే ప్రోగ్రెసివ్ 50 సెంట్లు ఇస్తోంది. మునిగే రెండు పడవల్లో ఇది కాస్త నిదానంగా మునుగుతుంది, అంతే. ఈ పట్టికకు గీటు 48 శాతం దగ్గర పడింది. అంతకన్నా తక్కువ నెగ్గేవాడికే ప్రోగ్రెసివ్ పనికొస్తుంది. విడి పందెంలో మైనస్ 110కి అసలు దక్కాలంటేనే 52.4 శాతం నెగ్గాలి మరి.

ఇది బిల్లు బుక్కు వెనక తేలినప్పుడు నాకే నవ్వొచ్చింది. అంచనా బాగా వేయగలనన్న నమ్మకం ఉన్నవాడు ప్రోగ్రెసివ్ ముట్టుకోకూడదు. దాన్ని ముట్టుకోదగినవాడు అసలు పందెమే కాయకూడదు. మా వాడికి ఇదే మాట చెబితే, "అయితే ఇది ఎవరి కోసం పెట్టారు మావయ్యా?" అన్నాడు. మంచి ప్రశ్న.

ఇక ఆ 55 శాతం మాట నిజమో కాదో తేల్చడం తేలికే. పాత చీటీలన్నీ యాప్‌లో ఉంటాయి. ఒక్కో లెగ్‌ను విడిగా లెక్కపెట్టి, నెగ్గినవి ఎన్ని, పోయినవి ఎన్ని అని రెండు వరసలు రాయమన్నాను. కనీసం రెండు మూడు వందల లెగ్‌లు లేకపోతే ఆ శాతం కాకిలెక్కే. బాగా గుర్తున్న నాలుగు ఆదివారాలు లెక్కలోకి రావు.

తొమ్మిదో అడుగు: ఊరట కావాలంటే ఇంకో దారి

ఒకటి పోయినా ఏదో ఒకటి చేతికి రావాలన్నదే కోరిక అయితే, దుకాణం ఇచ్చే ప్రోగ్రెసివ్ ఒక్కటే మార్గం కాదు. పది డాలర్లను ఆరు సమాన భాగాలు చేయండి. ఒక భాగం ఐదు లెగ్‌ల మామూలు పార్లేకు. మిగిలిన ఐదు భాగాలు నాలుగేసి లెగ్‌ల పార్లేలకు, ఒక్కోదాంట్లో ఒక్కో లెగ్‌ను వదిలేస్తూ. ఈ నాలుగేసి చీటీలు వేసే పద్ధతిని అక్కడ రౌండ్ రాబిన్ అంటారు.

నాలుగే నెగ్గితే ఒక చీటీ పండుతుంది: 1.667 × 13.28, అంటే 22.14 డాలర్లు. ఐదూ నెగ్గితే ఆరు చీటీలూ పండుతాయి, 152.96 వస్తుంది. మన ఊహా ప్రోగ్రెసివ్‌లో ఇవే 25, 120. ఊరటలో మూడు డాలర్లు తగ్గాయి, పైమొత్తంలో 33 పెరిగాయి. డాలరుకు మార్చుకుని ఆరో అడుగు కూడిక వేస్తే 15.30 + (5 × 2.21) = 26.35. మామూలు పార్లే 25.36నూ దాటింది. కారణం తేలికే. నాలుగు లెగ్‌ల చీటీల మీద కమీషన్ నాలుగుసార్లే పడుతుంది, ఐదుసార్లు కాదు. అయినా 32 గడులకు పంచితే డాలరుకు సగటున వచ్చేది 82 సెంట్లే, నష్టం ఎక్కడికీ పోలేదు. కనీస పందెం ఎంతో, చిల్లర మొత్తాలు తీసుకుంటారో లేదో ముందు చూసుకోవాలి.

పదో అడుగు: నిబంధనల కాగితం

సమంగా ముగిసిన లెగ్‌ను పుష్ అంటారు. మామూలు పార్లేలో ఆ లెగ్ తీసేసి మిగిలిన వాటికి లెక్క కడతారు, ఐదు కాస్తా నాలుగవుతుంది. ప్రోగ్రెసివ్‌లోనూ సాధారణంగా అంతే గానీ, నాలుగుతో మొదలైనది మూడుకు దిగితే ఏం చేస్తారన్నది దుకాణం దుకాణానికీ మారుతుంది. వాన వల్లో మరో కారణం వల్లో ఆగిపోయిన మ్యాచ్‌ల సంగతీ అంతే. ఇంకోటి, ప్రోగ్రెసివ్ పట్టిక ఎక్కువచోట్ల లెగ్ ధరను పట్టించుకోదు. మైనస్ 105 దొరికిన లెగ్‌కూ మైనస్ 115 లెగ్‌కూ ఒకే చెల్లింపు. మామూలు పార్లేలో మంచి ధర వెతికి తెచ్చుకుంటే గుణకారంలో అది కనిపిస్తుంది, ఇందులో వెతికిన శ్రమ వృథా. ఈ మూడూ తెలుసుకోకుండా ఆరో అడుగు కూడిక వేస్తే తప్పు వస్తుంది.

ఇంకొక్కటి రాసి ఆపుతాను. చీటీ పండకపోతే పోగొట్టుకున్నది రాబట్టడానికి వెంటనే ఇంకోటి కొనడం, ఇంట్లో దాచడం, అప్పు చేయడం లాంటివి ఎవరిలోనైనా కనిపిస్తే ఈ లెక్కలు పక్కన పెట్టేయండి, అది లెక్కల సమస్య కాదు. మన దగ్గర టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. అమెరికాలో 1-800-426-2537 ఉంది.

మరుసటి ఆదివారం మా వాడు తన యాప్‌లో ఉన్న నిజమైన పట్టికతో లెక్క వేసి ఫొటో పంపాడు. 32 గడులు స్కేలుతో గీశాడు, రంగులు కూడా వేశాడు. ప్రోగ్రెసివ్ రెండు డాలర్ల తేడాతో గెలిచిందని కింద ఎర్ర సిరాతో రాశాడు. చూస్తే నాలుగో అడుగులో కాలేశాడు. పట్టికలో "ఫర్" అని ఉన్నదాన్ని "టు" అనుకుని, ఊరటకు ఒకటి, పైమొత్తానికి ఒకటి కలిపేసుకున్నాడు. ఐదు ఊరటలకు ఐదు, పైన ఒకటి, మొత్తం ఆరు డాలర్లు గాల్లోంచి వచ్చాయి. ఆ ఆరూ కొట్టేసి, నాలుగు డాలర్ల తేడాతో మామూలుదే మేలని సరిచేసి పంపాను. "అయితే ఈ వారం ఏదీ వేయను మావయ్యా, మ్యాచ్ చూస్తా" అని జవాబొచ్చింది. కిందనే ఇంకో మెసేజ్: "వచ్చే వారం ఏడు లెగ్‌లకు వేసి పంపుతా, 21 ఎక్కడ పెట్టాలో ఇంకోసారి చెప్పు."